స్టూలు మీద ఎవరు కూర్చుంటారు?

మేనేజ్‌మెంట్ శాస్త్రానికీ నాకూ ఏనాడూ చుట్టరికం లేదు. నేను చదివింది ఆంగ్ల సాహిత్యం, బతుకుతెరువు అనువాదం. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు నుంచీ, అప్పుడప్పుడు తమిళం నుంచీ తెలుగులోకి పుస్తకాలు, కరపత్రాలు, మందుల సీసాల వెంట వచ్చే సూచనల కాగితాలు కూడా అనువదిస్తున్నాను. అటువంటి నేను ఒక బి.బి.ఏ. ఆనర్స్ విద్యార్థిని సమర్పించవలసిన పరిశోధన ప్రతిపాదనతో ఆరు వారాలు కాపురం చేశాను. అంతా కలిపి పది పుటల కాగితం అది. పది పుటలకు ఆరు వారాలు ఎందుకు పట్టాయని మా ఇంట్లో వాళ్ళే అడిగారు. పుటలకు పట్టలేదు, అందులోని ఒకే ఒక్క ప్రశ్నకు పట్టింది.

చెన్నైలో మేముండే ఇంటి కింది వాటాలో నగరి ప్రాంతం నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంటున్నది. ఆ ఇల్లాలు త్యాగరాయనగర్‌లో ఒక పెద్ద చీరల దుకాణంలో పద్నాలుగేళ్ళుగా అమ్మకాల విభాగంలో పనిచేస్తున్నది. పెళ్ళి బట్టల కోసం నెల్లూరు నుంచీ తిరుపతి నుంచీ వచ్చే కుటుంబాలతో తెలుగులో మాట్లాడేవారు కావాలి గనుక ఆమెకు ఆ ఉద్యోగం దొరికింది. ఆమె నన్ను అక్కా అంటుంది కాబట్టి ఆమె కూతురికి నేను పెద్దమ్మను. ఆ పిల్ల నగర శివారులోని ఒక డీమ్డ్ విశ్వవిద్యాలయంలో బి.బి.ఏ. చదువుతున్నది.

ఇప్పటి చదువుల పద్ధతి తెలియని పాఠకుల కోసం ఒక మాట. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం డిగ్రీని మూడేళ్ళతో ముగించవచ్చు, నాలుగో ఏడు కూడా చదివి ఆనర్స్ పట్టా తీసుకోవచ్చు. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకొన్నవారు ఆ నాలుగో ఏట పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు అర్హులు. మొత్తం 160 క్రెడిట్లలో 12 క్రెడిట్లు ఆ పరిశోధన గ్రంథానికే. వెనకటి రోజులలో ఎం.ఫిల్. వారు చేసిన పనిని ఇరవై ఏళ్ళ పిల్లలు చేయాలన్నమాట. ఈ పిల్లకు 75 శాతం దాటి వచ్చాయి. గ్రంథానికి ముందు ప్రతిపాదన సమర్పించి, సంఘం ముందు నిలబడి సమర్థించుకోవాలి.

"ఇంగ్లీషు కొంచెం దిద్ది పెట్టండి పెద్దమ్మా" అంటూ ఒక సాయంకాలం కాగితాలు తెచ్చింది. ఇంగ్లీషులో దిద్దవలసినది ఏమీ లేదు. శీర్షికను తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "భారతీయ చిల్లర వర్తక రంగంలో పని వాతావరణం ఉద్యోగుల ప్రేరణ, సంతృప్తి, ఉత్పాదకతలపై చూపే ప్రభావం - ఒక అధ్యయనం." కింద నాలుగు లక్ష్యాలు, అయిదు పరికల్పనలు, రెండు వందల మందికి పంపబోయే ప్రశ్నావళి. అన్నీ అమరిన పెళ్ళిపందిరిలా ఉన్నది, వధూవరులు మాత్రం కనిపించలేదు.

"ఇందులో నీకు నిజంగా తెలుసుకోవాలని ఉన్నదేమిటి?" అని అడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "అమ్మ రాత్రి పదింటికి వచ్చి గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి పడుకుంటుంది. పిక్కల మీద నరాలు నీలంగా ఉబ్బి ఉంటాయి. షాపులో స్టూళ్ళు వేసి మూడేళ్ళయిందట. మరి ఎందుకు కూర్చోదో నాకు అర్థం కాదు."

అంతకు ముందు చూపించిన శీర్షికలో లేనిదంతా ఈ నాలుగు మాటలలో ఉన్నది. పరిశోధనకు కావలసినది ఇటువంటి తెలియనితనమే. తెలియనిదాన్ని తెలిసినట్టు కనిపించే పెద్ద పదాలతో కప్పడం మన కళాశాలలు పిల్లలకు నేర్పే మొదటి విద్య కాబోలు.

ఆ రాత్రే ఇద్దరం కూర్చుని చట్టాలు వెదికాము. కర్మాగారాల విషయంలో ఈ సంగతిని మన దేశం ఏనాడో గుర్తించింది. నిలబడి పనిచేయవలసిన కార్మికులకు, పని మధ్య వీలు చిక్కినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను చెప్పింది. అయితే దుకాణం ఫ్యాక్టరీ కాదు. కేరళలో కోళిక్కోడ్‌కు చెందిన పి. విజి అనే దర్జీ, ఆమెతో చేరిన దుకాణ ఉద్యోగినులు ఏళ్ళ తరబడి ఆందోళన చేసిన మీదట 2018లో ఆ రాష్ట్రం దుకాణాల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కును చేర్చింది. 2021లో తమిళనాడు కూడా తన 1947 నాటి చట్టాన్ని అలాగే సవరించింది. ప్రతి దుకాణంలోనూ ఉద్యోగులందరికీ తగిన ఆసనాలు ఉండాలి. పని మధ్య కూర్చునే అవకాశం వచ్చినప్పుడు వారు దానిని వినియోగించుకోగలగాలి. సవరణ సారాంశం ఇంతే.

"అవకాశం" అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మాటల దగ్గర ఆగిపోవడం అనువాదకుల దురలవాటు. స్టూలు వేయించే బాధ్యత చట్టం యజమాని మీద పెట్టింది. కాని అవకాశం వచ్చిందో లేదో తేల్చేదెవరు? నిలబడిన మనిషా, ఆమెను చూస్తున్న సూపర్‌వైజరా, చీరలు చూసి కొనకుండా వెళ్ళిపోయిన కస్టమరా? "ఇదే కదా పెద్దమ్మా మేనేజ్‌మెంటు!" అన్నది ఆ పిల్ల. నిజమే. శాసనసభ ఆమోదించిన వాక్యం దుకాణం మూడో అంతస్తుకు చేరేసరికి దాని అర్థాన్ని నిర్ణయించేది మేనేజరే.

ప్రతిపాదనలో "సాహిత్య సమీక్ష" అనే భాగం ఉంటుందని తెలిసి నేను కొంత సంబరపడ్డాను. ఇక్కడ నా చదువు అక్కరకు వస్తుందనుకొన్నాను. బ్రిటన్‌లో 1899లోనే దుకాణాలలో పనిచేసే స్త్రీలకు ఆసనాల చట్టం వచ్చింది. ముగ్గురు స్త్రీలకు ఒక ఆసనం తప్పనిసరి. హెచ్.జి. వెల్స్ చిన్నతనంలో సౌత్‌సీ పట్టణంలో ఒక బట్టల కొట్టులో పని నేర్చుకోవడానికి కుదిరి, ఆ చాకిరీ భరించలేక బయటపడ్డాడు. 1905లో వెలువడిన 'కిప్స్' నవలకు ఆ అనుభవమే పునాది. ఇదంతా ఉత్సాహంగా చెప్పాను, ఆ పిల్ల ఉత్సాహంగా రాసుకొన్నది. గైడు ఆచార్యులవారు 1899 చట్టాన్ని ఉంచి వెల్స్‌ను కొట్టివేశారు. సాహిత్య సమీక్ష అంటే ఆ విషయం మీద అంతవరకు జరిగిన పరిశోధనల సమీక్షేనట, సాహిత్యానికి అందులో చోటు లేదట! ఎవరు చేశారో గాని ఆ అనువాదం నన్ను మోసగించింది.

వెల్స్ పోయిన చోట ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ వచ్చి చేరాడు. ఆయన, ఆయన సహచరులు 1959లో ప్రకటించిన గ్రంథంలో ఉద్యోగ జీవితంలోని అంశాలను రెండు కుప్పలుగా విడదీశారు. సాధించిన పని, గుర్తింపు, ఎదుగుదల వంటివి మనిషికి ఉత్సాహాన్నిస్తాయి. జీతం, పర్యవేక్షణ, పనిచేసే చోటి వసతులు వంటివి లేకపోతే అసంతృప్తి కలుగుతుంది, ఉన్నంత మాత్రాన ఉత్సాహం రాదు. ఆ లెక్కన స్టూలు రెండో కుప్పలోనిది. మరి స్టూలు ఉండీ కూర్చోలేకపోతే అది ఏ కుప్పలోకి వస్తుంది? వసతి లేనట్టా, ఉన్నట్టా? ఈ ప్రశ్న ఆ పిల్ల తనంతట తాను వేసుకొన్నది. గైడు ఆ పంక్తి పక్కన ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు. ఆ కాగితాలన్నిటిలో ఆయన కొట్టివేతలు కాక పెట్టిన మొదటి గుర్తు అదే.

తర్వాత ఎలా తెలుసుకోవాలన్న సమస్య వచ్చింది. ఫోనులో ప్రశ్నావళి పంపి రెండు వందల మంది చేత నింపించి కంప్యూటరులో లెక్క కట్టడం మొదటి ఆలోచన. ఫోనులో ప్రశ్నలు నింపే తీరిక ఉన్నవారు ఎవరో ఆలోచించమన్నారు గైడు. పోనీ, దుకాణంలో ఒక మూల నిలబడి ఎవరు ఎన్నిసార్లు కూర్చున్నారో లెక్కపెడితే? దానికి షికాగో దగ్గరి హాథార్న్ కర్మాగారం అడ్డు వచ్చింది. 1924, 1932 సంవత్సరాల మధ్య అక్కడ దీపాల వెలుతురు పెంచీ, విరామాలు మార్చీ పనివారి మీద ప్రయోగాలు చేశారు. ఏ మార్పు చేసినా పని పెరిగిందనీ, తమను ఎవరో గమనిస్తున్నారన్న స్పృహే అందుకు కారణమనీ దశాబ్దాలుగా పాఠాలు చెప్పుకొంటూ వచ్చారు. తర్వాతి పరిశోధకులు ఆ లెక్కలను మళ్ళీ తిరగవేసి, ఆ ప్రభావం చెప్పుకొన్నంత గట్టిది కాదన్నారు. ఏది ఎట్లా ఉన్నా, విశ్వవిద్యాలయం నుంచి నోటుపుస్తకం పట్టుకొని ఎవరో వచ్చారంటే ఆ పూట స్టూళ్ళన్నీ నిండి ఉంటాయని గ్రహించడానికి షికాగో వెళ్ళనక్కరలేదు.

ఈ వెదుకులాటలోనే మన ఊరి పేరు ఒకటి తగిలి ఇద్దరికీ సంతోషం కలిగింది. 1960ల నడుమ హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులను కొందరిని హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, సాధించాలన్న తపనను శిక్షణతో పెంచవచ్చునా అని పరీక్షించాడు. శిక్షణ పొందని రాజమండ్రి వ్యాపారులతో వారిని పోల్చి చూశాడు. డేవిడ్ వింటర్‌తో కలిసి ఆ ఫలితాలను 1969లో పుస్తకంగా వెలువరించాడు. ఇందులో మా పిల్లకు పనికివచ్చినది రాజమండ్రి. పక్కన పోల్చి చూసేందుకు మరొకటి లేకపోతే, వచ్చిన మార్పు శిక్షణ వల్ల వచ్చిందో, కాలం కలిసివచ్చి వచ్చిందో చెప్పలేము. చెన్నైలో చట్టం అందరికీ ఒకటే కాబట్టి ఆమెకు రాజమండ్రి దొరకదు. అందుచేత ఒకే దుకాణంలోని వేర్వేరు వేళలను పోల్చుదామనుకొన్నది: మామూలు రోజు మధ్యాహ్నం మూడు గంటలు, ఆదివారం సాయంత్రం ఆరు గంటలు. రద్దీ లేని వేళ కూడా కూర్చోకపోతే, తీరిక లేదన్న జవాబు చెల్లదు.

చివరకు, ఇరవై నలుగురు ఉద్యోగినులతో దుకాణం బయట తీరికగా మాట్లాడాలని నిశ్చయమయింది. ప్రశ్నలు తమిళంలోనూ తెలుగులోనూ ఉండాలి. తమిళం ఆమె స్నేహితురాలి వంతు, తెలుగు నా వంతు. నా అసలు పని ఇక్కడ మొదలయింది.

మూల ప్రశ్నలను ఒక్క పూటలో అనువదించి ఇచ్చాను. పత్రికాభాషలో చూస్తే దోషమేమీ లేదు. వాటిని ఎవరి మీదనైనా పరీక్షించి చూడాలి కాబట్టి, ఒక మంగళవారం, ఆమె వారపు సెలవు రోజున, వాళ్ళమ్మను కూర్చోబెట్టి చదివాము.

"మీ పని వాతావరణం ఎలా ఉన్నది?" అని మొదటి ప్రశ్న.

"లోపల ఏసీ ఉంటాదిగా అక్కా, బాగానే ఉంటాది" అన్నది ఆమె. పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. వాతావరణం అంటే ఎండా వానా అని మన జనానికి రేడియో వార్తలు నేర్పాయి. నేను ఆ మాటను మరో అర్థంలో వేల సార్లు వాడి ఉంటాను, ఎవరూ ఇలా జవాబు చెప్పలేదు. చెప్పేవాళ్ళను నేను అడగలేదు గనుక.

"మీకు ఉద్యోగ సంతృప్తి ఉన్నదా?"

"సంతృప్తి అంటే అన్నం తిన్నాక చెప్పే మాట గదా?"

తర్వాత ఒక వాక్యం చదివి అయిదు జవాబులలో ఒకటి ఎంచుకోమన్నాము: పూర్తిగా ఏకీభవిస్తాను, ఏకీభవిస్తాను, తటస్థం, ఏకీభవించను, బొత్తిగా ఏకీభవించను. 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికన్ ఈ అయిదు మెట్ల కొలబద్దను ప్రవేశపెట్టాడు. ప్రపంచమంతా ఈ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉన్నది. వాళ్ళమ్మ కూతురి ముఖం వంక చూసి, "నీకు ఏది కావాలో అది రాసుకో తల్లీ" అన్నది. ఆ మాటలో కూతురి మీద ప్రేమ ఉన్నది, అడిగినవారిని నొప్పించరాదన్న మర్యాద ఉన్నది. ఆమె అభిప్రాయం మాత్రం లేదు. ఇటువంటి రెండు వందల జవాబులు కూడితే వచ్చే సగటు ఎంత అందంగా ఉంటుందో ఊహించుకోవచ్చు.

కాగితం పక్కన పెట్టి, "నిన్న షాపులో ఎన్నిసార్లు కూర్చున్నావు?" అని అడిగాను.

ఆమె వేళ్ళు మడిచింది. "అన్నం తినేటప్పుడు ఒకసారి. మళ్ళా, స్టాకు సర్దేదానికి గోడౌన్‌కి పోయినప్పుడు మూట మీద ఒక అయిదు నిమిషాలు. అంతే."

"స్టూలు ఎక్కడుంది?"

"మా కౌంటరు వెనకాలే ఉండాది. దాని మీద చీరల డబ్బాలు పెట్టుకొంటాము."

"కూర్చోవద్దని ఎవరైనా అన్నారా?"

"ఎవురూ అన్లేదు. అనాల్నా ఏమి?"

ఆ జవాబు విని కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. రెండు వందల ప్రశ్నావళులలో ఏ గడిలోనూ పట్టని జవాబు అది. చట్టాన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. తనిఖీకి వచ్చిన అధికారికి స్టూలు కనిపిస్తుంది. వద్దన్నవారు లేరు. అయినా పద్నాలుగేళ్ళ అనుభవం ఉన్న మనిషి మూట మీద కూర్చుంటుంది గాని స్టూలు మీద కూర్చోదు. ఈ వద్దనడం ఏ నోట వెలువడిందో, ఎలా నేర్చుకొన్నారో, కొత్తగా చేరిన పిల్లకు ఎన్ని రోజులలో అర్థమవుతుందో - వీటిని తెలుసుకోవడమే ఈ పరిశోధన కాగలదని ఆ సాయంకాలం తేలింది.

ప్రశ్నలన్నీ మళ్ళీ రాశాను. ఇంగ్లీషులో ఒకటే క్రియతో గడిచిపోయిన ప్రశ్నకు తెలుగులో మూడు రూపాలు వచ్చాయి: కూర్చునే వీలుందా? కూర్చోవచ్చునా? కూర్చోనిస్తారా? మొదటిది తీరికను అడుగుతుంది. రెండోది నియమాన్ని అడుగుతుంది. మూడోది మనిషిని అడుగుతుంది. ఆ "ఇస్తారు" వెనుక ఎవరో ఒకరు నిలబడి ఉన్నారు. ఈ మూడింటికీ ఒకే మనిషి మూడు వేరు జవాబులు చెప్పవచ్చు. అనువాదం సరిపోయిందో లేదో చూడడానికి పరిశోధకులకు ఒక పద్ధతి ఉన్నది. మొదటి అనువాదం చూడనివారి చేత దానిని తిరిగి మూలభాషలోకి అనువదింపజేసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రకటించిన వ్యాసంతో ఇది బాగా వ్యాప్తిలోకి వచ్చింది. మా తెలుగు ప్రశ్నలను తిరిగి ఇంగ్లీషు చేసిన విద్యార్థి, మూలంలో ఒక్క ప్రశ్న ఉన్న చోట మూడు రాసుకొచ్చాడు. గైడు ఈసారి దిద్దవలసినది తెలుగు కాదన్నారు. ఇంగ్లీషు మూలాన్నే మూడు ప్రశ్నలుగా విడగొట్టమన్నారు. అనువాదానికి తగినట్టు మూలాన్ని మార్చడం నా వృత్తి జీవితంలో అదొక్కసారే చూశాను. కొంచెం గర్వపడ్డానని చెబితే పాఠకులు క్షమించాలి.

నాలుగో వారంలో పెద్ద చిక్కు వచ్చింది. ప్రతిపాదనతో పాటు నైతిక నియమాల పత్రం ఒకటి నింపాలి. పాల్గొనేవారికి కలిగే హాని ఏమిటి, దానిని ఎలా నివారిస్తారు అన్నది అందులోని ప్రశ్న. ఆరోగ్యానికి హాని లేదని రాసి సంతకం పెట్టేవారే ఎక్కువట. మా పిల్ల మొదట తల్లి పనిచేసే దుకాణంలోనే మేనేజరు అనుమతి పత్రం తీసుకొందామనుకొన్నది. తల్లి కూర అమ్మే బండి దగ్గర బేరమాడేటంత మామూలు గొంతుతో, "మా షాపు మాత్రం వద్దు" అన్నది. ఎందుకని కూతురు రెట్టించింది. "నువ్వు చదువుకొని పోతావు. నేను మళ్ళా పొద్దున అక్కడికే పోవాల" అన్నది తల్లి.

ఇక అనుమతి పత్రం ఊసు లేదు. ఆలోచించి చూస్తే, మేనేజరు పిలిచి చూపించే ఉద్యోగినులు ఏమి చెబుతారో ముందే తెలుసు. దుకాణాల పేర్లు రాయకూడదనీ, ఫోటోలు తీయకూడదనీ, అడిగి ఒప్పుకొంటే తప్ప గొంతు రికార్డు చేయకూడదనీ, ఎవరైనా నడుమ మానేస్తామంటే అంతవరకు చెప్పినది కూడా చింపివేయాలనీ రాసుకొన్నది. ఉద్యోగుల జాబితా ఏదీ చేతిలో లేదు గనుక ఒకరి ద్వారా మరొకరిని కలుసుకొంటూ పోవాలి. ఆ కారణంగా ఈ ఫలితాలు నగరంలోని దుకాణ ఉద్యోగినులందరికీ వర్తిస్తాయని చెప్పుకోరాదు. పరిమితులు అన్న శీర్షిక కింద ఇది కూడా రాయించారు గైడు. చేతకానిదాన్ని ముందుగా ఒప్పుకొనే భాగం ఒకటి ప్రతి ప్రతిపాదనలోనూ ఉంటుందని తెలిసి నాకు ఆ శాస్త్రం మీద గౌరవం పెరిగింది. ప్రభుత్వ పథకాల కరపత్రాలు ఎన్నో అనువదించాను. అటువంటి భాగం దేనిలోనూ చూడలేదు.

అంతటితో చిక్కు వీడలేదు. పరిశోధకురాలికి ఈ విషయంలో స్వంత సంబంధం ఏదైనా ఉంటే వెల్లడించాలని నియమం. తల్లి ఇదే ఉద్యోగంలో ఉన్నదని రాయడం నిజాయితీ. కాని గ్రంథం మీద కూతురి పేరుంటుంది. అది గ్రంథాలయంలో ఉంటుంది. కూతురి పేరు తెలిసినవారికి తల్లి ఎవరో తెలుసుకోవడం ఎంతసేపు? రాస్తే తల్లికి ముప్పు, రాయకపోతే చదివేవారికి వంచన. రెండు రాత్రులు ఆ పిల్ల సరిగా నిద్రపోలేదు. గైడు కూడా వెంటనే జవాబు చెప్పలేదు. పెద్ద పెద్ద గ్రంథాలలో ఈ సమస్యకు సూత్రం ఉన్నదో లేదో గాని, ఆయన చెప్పినది సామాన్యంగా ఉన్నది: "ఆమెకు సంబంధించిన వాక్యం కదా, ఆమెనే అడుగు."

ఒక వాక్యం రాశాము. పరిశోధకురాలి కుటుంబంలో ఒకరు ఈ రంగంలో పనిచేస్తున్నారు, వారి మాటలను ఈ అధ్యయనంలో సమాచారంగా ఉపయోగించలేదు, ప్రశ్నల భాషను సరిచూడడానికి మాత్రమే వారి సహాయం తీసుకోవడం జరిగింది - ఇదీ దాని భావం. నేను దానిని తెలుగు చేసి చదివి వినిపించాను.

"రంగం అంటే?" అని అడిగిందామె.

"బట్టల వ్యాపారం అనుకో."

"కుటుంబంలో ఒకరు అంటే నేనేనా, ఎవరైనా అనుకోవచ్చునా?"

"ఎవరైనా అనుకోవచ్చు."

కొంతసేపు ఆలోచించింది. "బట్టల షాపులు ఈ ఊళ్ళో ఎన్ని లేవు! రాసుకోండి" అని, మళ్ళీ కూతురితో, "అచ్చు కాకముందు ఇంకోసారి చదివి చూపించాల" అన్నది. సమ్మతి పత్రం అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరూ వివరించవలసిన పని లేకపోయింది.

కాలపట్టికను సరిదిద్దినదీ ఆమే. పిల్ల జూలై, ఆగస్టులలో ఉద్యోగినులను కలుస్తానని రాసుకొన్నది. "ఆడి నెల తగ్గింపు అమ్మకాల్లో నీళ్ళు తాగేదానికి కూడా వీలు కాదు, నీతో ఎవురు మాట్లాడతారు? దీపావళి దాకా అంతే. పొంగల్ అయినాక రా" అన్నది. క్షేత్ర పరిశీలన ఫిబ్రవరికి జరిగింది.

సంఘం ముందు ప్రతిపాదన పెట్టిన రోజు నేను అక్కడ లేను. విన్నది చెబుతున్నాను. ముగ్గురు ఆచార్యులు కూర్చున్నారట. ఇరవై నలుగురితో మాట్లాడి ఏమి తేలుస్తావని ఒకరు అడిగారు. ఎంతమంది కూర్చోరో తేల్చలేననీ, ఎందుకు కూర్చోరో తేల్చడానికి ప్రయత్నిస్తాననీ చెప్పిందట. రెండో ఆయన శీర్షికలో ఉత్పాదకత అన్న మాట లేదేమని అడిగారు. కొలవలేనిదాన్ని శీర్షికలో పెట్టలేదని గైడు అందుకొన్నారట. మూడో ఆవిడ అంతవరకు మాట్లాడకుండా కాగితాలు తిరగవేసి, "సూపర్‌వైజర్లకు కుర్చీ ఉన్నదా?" అని అడిగారు.

మా పిల్ల దగ్గర జవాబు లేదు. ఇంటికి వచ్చి తల్లిని అడిగింది. లేదట. వాళ్ళూ పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే ఉంటారట. తన సూపర్‌వైజరుకు మోకాళ్ళ నొప్పులనీ, లిఫ్టు పక్క గోడకు ఆనుకొని నిలబడతాడనీ కూడా చెప్పింది. పద్నాలుగేళ్ళలో ఆ మనిషి గురించి ఆమె ఇంట్లో అన్న మొదటి మెత్తని మాట అది.

ప్రతిపాదనను సంఘం ఆమోదించింది, సూపర్‌వైజర్లను ఆరుగురిని చేర్చాలన్న షరతుతో. శీర్షిక ఇప్పుడు ఇలా ఉన్నది: "2021 చట్ట సవరణ తర్వాత చెన్నై త్యాగరాయనగర్ చీరల దుకాణాలలో కూర్చునే అవకాశం: అమ్మకాల ఉద్యోగినుల, సూపర్‌వైజర్ల దృష్టి." నేను సూపర్‌వైజర్ల కోసం మరో తొమ్మిది ప్రశ్నలు తెలుగు చేశాను. "మీరు కూర్చోనిస్తారా?" అన్నదాని పక్కన "మిమ్మల్ని కూర్చోనిస్తారా?" అన్నది కూడా చేర్చాము.

మాట్లాడవలసిన వారిలో మొదటి పేరు వాళ్ళమ్మే ఇచ్చింది. తన దుకాణంలోని మనిషి కాదు, మూడు వీధుల అవతల మరో దుకాణంలో పనిచేసే పుత్తూరు ఆవిడ. బుధవారం సెలవు. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే పిల్లలు బడి నుంచి వచ్చేలోగా ఒక గంట మాట్లాడగలదట. కాఫీ ఇస్తే వద్దనకుండా తాగమనీ, ఫోను బల్ల మీద పెట్టకుండా సంచిలో వేసుకొని కూర్చోమనీ తల్లి కూతురికి చెప్పి పంపింది.